చిట్టెం దిబ్బ

ఆ ఎండు మొద్దును మంటలకు కొంచెం నూకి ఇటు కూసో బిడ్డా. పుష్యమాసం చలి, ఎముకలు కొరుకుతది. ఫోను జేబుల పెట్టుకో. దాని వెలుతురుకు మంట చిన్నగైనట్టు కనవడ్తది.

పొద్దున కిటికీల నల్లరాయి చూసి "తాతా, ఇది పారేయాల్నా?" అన్నవు. నా పానం గిలగిల కొట్టుకున్నది. అది రాయి గాదు, చిట్టెం అంటుకున్న పెంకు. మా చిన్నప్పుడు ఊరవతల చెరువు కట్టకింద ఇసొంటియి ఓ దిబ్బ ఉండె. బడి ఎగ్గొట్టి దాని మీద ఎక్కుడు, జారుడు, మోకాళ్లు చెక్కుకపోయి ఇంటికొస్తే అవ్వతోని దెబ్బలు. ఆ దిబ్బ ఎవరు పోసిండ్రు, ఎందుకు పోసిండ్రు అని ఒక్కనాడు ఒక్కడన్న అడిగితే ఒట్టు. పెరటి చెట్టు మందుకు రాదంటరు గద, అట్లనే.

మా ఊరి కమ్మరి మటుకు ఆ దిబ్బ పక్క నుంచి పోతే చెప్పులు ఇడిసి పొయ్యేటోడు. ఎందుకని అడిగితే "మా పెద్దోళ్లు ఇడిసిండ్రు, నేను ఇడుస్తున్న" అనేటోడు, అంతే. ఆయనకు నాగలి కర్రు చేసినందుకు రూపాయలు ఇచ్చుడు లేకుండె. ఏడాదికోపారి కల్లం కాడ వడ్లు కొలిచేటోళ్లు. కొలిచేటప్పుడు కుంచం మీద ఇంకో దోసెడు పోయకుంటే రైతుకు నామోషీ.

రూపాయి అంటే మా తాత ముచ్చట యాదికొచ్చె. అప్పుడు మనది నిజాం రాజ్యం, మన రూపాయి హాలీ సిక్కా. గోదావరి దాటి సిరొంచకు పోతే ఇంగ్లీషోళ్ల రాజ్యం, ఆడ కల్దార్ రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. తాత మిరపకాయలు అమ్మేటందుకు ఆ ఒడ్డుకు పోతే, తొవ్వల కరోడ్‌గిరి నాకా కాడ సుంకం కట్టాలె, మళ్ల కల్దార్లు తెచ్చి హాలీలకు మార్చుకోవాలె. లెక్క తప్పితే పడవ కిరాయి మీదవడ్తది. ఏళ్ల మీద ఏడుకు ఆరు, ఏడుకు ఆరు అనుకుంటనే నది దాటేటోడట. నాకు తెలివొచ్చేనాటికి అది గూడ మారింది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలొచ్చినయి. అణాకు ఆరు నయా పైసలన్నరు. నాలుగణాలకు ఇరవై నాలుగు గావాలె గద? గాదు, ఇరవై అయిదు. ఆ ఒక్క పైస ఏడికెళ్లి వచ్చిందని దుకాణం కాడ ముసలోళ్లు పొద్దుగూకేదాక కొట్లాడుకునేటోళ్లు, మేం అణా పుట్నాలు పట్టుకోని నిలవడి ఇనేటోళ్లం. హాలీ 1959ల పూరాగ బందైంది.

ఏడికో పోతున్న, ఆగు. ఇంకొక్కటి చెప్పి దిబ్బ కాడికి వస్త. తాత పుట్టిన కాయిదం మీద "అమర్‌దాద్ 1310 ఫస్లీ" అని ఉంటది. నీ లెక్కల తెలివి చూద్దాం, ఎన్నడు పుట్టిండు? ఫస్లీకి 590 కలుపుకోవాలె, నెలను బట్టి ఇంకొకటి. ఆఁ, 1901, తొలకరి రోజులు. అమర్‌దాద్, షహ్రివర్, మెహర్, ఆబాన్ అన్నీ ఇరాను దేశపు నెలల పేర్లే. మక్క చేను పహాణీల మీద ఇరాను నెలలు! ఆ దేశంతోని మనకు ఇంకో పాత చుట్టరికం ఉన్నది, అదే ఈ చిట్టెం.

మెట్‌పల్లి దాటి ఆర్మూరు తొవ్వల కమ్మర్‌పల్లి వస్తది. పేరు చూసినవా? ఆ దగ్గర్లనే కోనసముద్రం. అక్కడి కొలిముల ఉక్కు కోసం ఇరాను వర్తకులు ఇస్ఫహాన్ నుంచి వచ్చేటోళ్లు. కొనుక్కపొయ్యేదాక ఊర్లనే మకాం పెట్టి, దగ్గరుండి తూకం చూసుకునేటోళ్లు. ఇది నేను అల్లిన కథ గాదు. మన దేశం కొలిచిన లాంబ్టన్ దొర సర్వేల పనిచేసిన వోయిసీ అనే డాక్టరు కోనసముద్రం పోయి కండ్లార చూసి రాసిండు. ఆయన 1824ల సచ్చిపోతే, ఆ రాత 1832ల కలకత్తల అచ్చయింది. అటు నిర్మల్‌కు 12 మైళ్ల దూరంల దిమ్మదుర్తి ఉన్నది, ఆ గనులు గూడ అప్పట్ల పేరువడ్డయే.

ఎట్ల చేసిండ్రో చెప్త, ఇను. మట్టిల వరి ఊక బాగ కలిపి పిసికి మూసలు చేసేది. రెండు తావుల ఇనుము తెచ్చి పాలు చూసి అండ్ల పెట్టేది. మీద మట్టి మూత. బొగ్గుల కొలిమిల ఒక పగలు, ఒక రాత్రి, తిత్తి ఆగొద్దు. చల్లారినంక మూస పలగ్గొడితే లోపల ఉక్కు ముద్ద, పగిలిన పెంకులు దిబ్బకు. ఇసొంటి ఉక్కుతోనే డమాస్కస్ కత్తులు, మీద నీటి అలల లెక్క గీతలు దేలేటియి. ఇరానోళ్లు తమ దేశంల ఇట్లనే చేయబోయిండ్రట, కుదరలే. ఫారడే అంతటోడు 1819ల మన దేశపు ఉక్కు ముక్కను పరీక్ష చేసి రాసిండు. ఇంగ్లీషోళ్లు దాన్ని ఊట్జ్ అన్నరు, మన ఉక్కు అనే మాటే వాళ్ల నోట్ల అట్ల తిరిగిందని పండితులంటరు. కమ్మరి వాడల సూదులమ్మినట్టు, ఇప్పుడు మనకు ఉక్కు ముచ్చట బయటోళ్లు చెప్పాలె.

నవ్వుతున్నవు. మా తాతలు నేతులు తాగిండ్రు, మా మూతులు వాసన చూడుమన్నట్టుందనుకుంటున్నవు గద? అనుకో. గని గంగాధర దిక్కు కురిక్యాల కాడ బొమ్మలగుట్ట ఎక్కి రా, అప్పుడు మాట్లాడు. ఆ బండ మీద జైనుల బొమ్మలు, వాటి కింద రాత. జినవల్లభుడు చెక్కిచ్చిండు, 945 దగ్గర దగ్గర. ఆయన అన్న పంపడు, కన్నడపోళ్లకు ఆదికవి, మన వేములవాడ అరికేసరి కొలువులోడు. ఆ రాతల సంస్కృతం, కన్నడం, తెలుగు మూడున్నయి. తెలుగువి మూడు కంద పద్యాలు, నన్నయ కంటె నూరేండ్ల ముందటియి. 2008ల తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఆ బండ గూడ సాక్ష్యం చెప్పింది. అంతకు ముందు ఆ బొమ్మలను చుట్టుపక్కలోళ్లు బొమ్మలమ్మ అని మొక్కిండ్రు. మొక్కిండ్రు గనుకనే బండ మిగిలిందని నా నమ్మకం. మన జిల్లల మొక్కని గుట్టలు ఎన్ని గ్రానైటు దిమ్మెలై లారీలెక్కలే?

మా దిబ్బకు ఎవరూ మొక్కలే. రోడ్డు పోసేటప్పుడు పారలతోని ఎత్తి కంకర కింద పరిచిండ్రు, మూడు దినాలల్ల నేల చదునయింది. కమ్మరి అప్పటికే లేడు. నేను పొద్దుమూకినంక పోయి, దొరికిన ఈ ఒక్క పెంకు రుమాల్ల కట్టుకొచ్చిన.

లే, కిటికీలకెళ్లి తీసుకరా. మంట దగ్గర పట్టు, ఇంకొంచెం వంచు. లోపల నల్లగ మెరిసేది చిట్టెం. ఆ ఇరిగిన అంచు చూడు, వడ్ల గింజంత సందులు, వరుసగ. ఏలు పెట్టి రాయి. ఊక కాలిపోయిన తావులవి.