విజయపురి: కృష్ణాలోయయు శాసనార్థమును

రాజధానుల చరిత్రను శాసనములనుండి, నాణెములనుండి గ్రహించుట పరిపాటి. కాని రాజధాని వెలసిన నేలను ఎఱుగనిదే శాసనవాక్యమునకు అర్థము పూర్తి కాదు. ఇక్ష్వాకుల విజయపురి ఇందులకు చక్కని నిదర్శనము.

మహాబలేశ్వరము కడ పుట్టిన కృష్ణానది శ్రీశైలప్రాంతమున నల్లమల కొండలను చీల్చుకొని లోతైన ఇఱుకు దారిని సాగును. నాగార్జునకొండ కడ ఆ కొండలు వెనుకకు తొలగి, మూడు ప్రక్కల ప్రాకారమువలె నిలిచి, నడుమ సుమారు 23 చదరపు కిలోమీటర్ల నేలను విడిచినవి. నాల్గవదైన పడమటి ప్రక్క నదియే హద్దు. కొండలు రక్షణ నొసగినవి. నది నీటిని, రాకపోకలకు త్రోవను ఒసగినది. శిల్పులకు పలనాటి సున్నపురాయి చేరువనే లభించినది. పాతఱాతియుగము మొదలు మానవుడు ఈ లోయను ఆశ్రయించుటకును, క్రీ. శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు దీనిని రాజధానిగా గైకొనుటకును ఈ భూస్వరూపమే ముఖ్యకారణమని తోచుచున్నది.

వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమునాటి బోధిసిరి శాసనమును పరిశీలింతము. ఆ ఉపాసిక చేసిన నిర్మాణములలో ఒకటి శ్రీపర్వతముపై, విజయపురికి తూర్పుదిక్కున, చుల్లధమ్మగిరి విహారమున ఉన్నట్లు అందు చెప్పబడినది. 'తూర్పు' అను ఈ ఒక్క మాటవలన నగరము గుట్టకు పడమట, నదివైపున, ఉండెనని తేలుచున్నది. కాశ్మీర, గాంధార, చీన, తామ్రపర్ణి మున్నగు దేశముల ప్రసక్తియు ఈ శాసనమునందే కలదు. కొండల చాటున నున్నను ఈ లోయ లోకమునకు దూరము కాలేదనుటకు ఇది సాక్ష్యము.

1926లో ఈ శిథిలములు పండితుల దృష్టికి వచ్చినవి. 1955 డిసెంబరు 10న దిగువన నందికొండ కడ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. మునుక తప్పదని తెలిసి 1954–60 నడుమ లోయ అంతటను త్రవ్వకములు సాగినవి. ఎన్నిక చేసిన కొన్ని కట్టడములను కొండపైనను అనుపులోను తిరిగి నిలిపిరి. నాడు నగరమును కాచిన కొండలే నేడు జలాశయమునకు ఒడ్డులైనవి, నాగార్జునకొండ ద్వీపమైనది.

ఆ నీరు పలనాటి, నల్లగొండ పొలములను తడిపినది. ఆ మేలును కాదనరాదు. అయినను శిల్పమును తరలింపవచ్చును గాని దిక్కును, దూరమును తరలింపజాలము. కావున నాటి త్రవ్వకముల పటములు నేడు శాసనములతో సమానమైన మూలాధారములు. పటమును ముందుంచుకొనియే శాసనమును చదువుట పరిశోధకులకు కర్తవ్యము.