మకి-ఎ మడత కత్తులు

మకి-ఎ మడత కత్తులు జపాన్‌లో చేతిపనిగా తయారయ్యే చిన్న జేబు కత్తులు. వీటి పిడులపై మకి-ఎ పద్ధతిలో, ఉరుషి అనే చెట్టు పాల పూతతో, బంగారు, వెండి పొడులతో చిత్రాలు తీర్చిదిద్దుతారు.

గిఫు ప్రిఫెక్చర్‌లోని సెకి పట్టణం కామకురా కాలం నుంచి ఖడ్గాలకు ప్రసిద్ధి. 1876లో బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని నిషేధించాక జపాన్ కమ్మరులు ఎందరో వంటకత్తులు, జేబు కత్తుల వైపు మళ్లారు. హ్యోగో ప్రిఫెక్చర్‌లోని మికిలో 1890లలో రూపుదిద్దుకున్న హిగొనొకామి ఆ కాలపు మడత కత్తే. అయితే అది అలంకారం లేని పనిముట్టు.

మకి-ఎ కత్తుల అసలు విశిష్టత పూతలోనే ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క పురుగుల నుంచి వస్తే, ఉరుషి మాత్రం చెట్టు బెరడుకు గాటు పెట్టి తీసే పాలు. ఒక్కో చెట్టు ఇచ్చేది సుమారు 200 గ్రాములే. ఇది ఎండలో ఆరదు. వెచ్చని, తేమ నిండిన పెట్టెలో గట్టిపడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు తాకితే చర్మంపై దద్దుర్లు లేస్తాయి. కళాకారుడు సన్నని కుంచెతో ఉరుషి గీతలు గీసి, అవి ఆరకముందే సన్నని గొట్టం గుండా బంగారు పొడి చల్లుతాడు. తర్వాత మళ్లీ పూత వేసి, బొగ్గుతో సానబెడతాడు. హెయాన్ కాలంలోనే పరిణతి పొందిన ఈ పద్ధతిలో తొందరకు చోటు లేదు. అరచేతిలో ఇమిడే వంపు పిడిపై దాన్ని నిలపడం గొప్ప నైపుణ్యం.

ఎండ తగిలితే ఉరుషి మెరుపు తగ్గుతుంది. కాబట్టి ఈ కత్తులను నీడలో భద్రపరచి, మెత్తని బట్టతో మాత్రమే తుడవాలి.