ఉమ్మడి నడవా

కోనసీమలో మా అమ్మ పుట్టిన ఊళ్ళో, కాలవ గట్టు పక్కన, ఒకే ఇల్లుగా కట్టి తరవాత రెండుగా పంచుకున్న మండువా లోగిలి ఒకటి ఉండేది. 1986 ఆగస్టులో గోదావరికి వరదొచ్చినప్పుడు దాని అరుగుల దాకా నీళ్ళు నిలిచాయి, ఇల్లు చెక్కు చెదరలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి దొడ్లో కొబ్బరిచెట్లు వరసగా కూలాయి, పెంకులు లేచిపోయాయి. తెరిపివ్వగానే రెండు వాటాల వాళ్ళూ కలిసి మనుషుల్ని పెట్టి పెంకు నేయించుకున్నారు. అంతటి ఇల్లు చివరికి ఒక కారు షెడ్డు దగ్గర నాశనమైపోయింది. ఆ షెడ్డు మీద ఒక్క రేకైనా పడలేదు.

తూర్పు వాటాలో ఉండేది పెద్దాయన, కొబ్బరి రైతు. పడమటి వాటాలో మాస్టారు. వాళ్ళ తండ్రులు సొంత అన్నదమ్ములు. 1958లో పంచుకున్నారు. మండువాకి అడ్డంగా గోడ లేచింది కానీ, రెండు వాటాల మధ్య వీధి నుంచి దొడ్డి దాకా ఉన్న ఆరడుగుల నడవాని ఉభయులకూ ఉమ్మడిగా వదిలేసి, పారీఖత్తులో అలాగే రాయించారు. ఆ నడవాలోకి తూర్పింటి వంటింటి కిటికీ ఒకటి తెరుచుకునేది. పెద్దాయన భార్య పొయ్యి దగ్గరకి వెలుతురొచ్చేది అక్కణ్ణుంచే. ఆ ఇంటి మజ్జిగ, ఈ ఇంటి కరివేపాకు, ఇద్దరు తోడికోడళ్ళ మాటలు, అన్నీ ఆ కిటికీ గుండానే అటూ ఇటూ నడిచేవి.

మాస్టారు రిటైరయ్యాక ఆయన భార్యకి గుండె జబ్బు బయటపడింది. ఆటోలో అమలాపురం వెళ్ళి రావడం కష్టంగా ఉందని హైదరాబాదులో ఉన్న కొడుకు 2003లో ఒక కారు కొనిచ్చాడు. వీధిలో పెడదామంటే వరిగడ్డి ట్రాక్టర్లకి దారి ఉండదు. చెట్టు కింద పెడదామంటే కాయ పడుతుంది. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. షెడ్డు వెయ్యక తప్పదు. మాస్టారి స్థలంలో ఇంటి గోడకీ నడవాకీ మధ్య ఏడడుగుల ఖాళీ ఉంది. కారు తలుపు తీసుకుని రోగిష్టి మనిషి దిగాలంటే తొమ్మిదడుగులైనా కావాలి. ఆ రెండడుగులు నడవాలోంచి రావాలి.

ఆమెకి కారు కావాలి. ఈమెకి వెలుతురు కావాలి. రెండూ న్యాయమే. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నన్ను బాధ పెట్టేది అదే, ఇందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు.

మాస్టారు పంచాయతీలో ప్లాను పెట్టి ఆమోదం తెచ్చుకున్నారు. అది చాలనుకున్నారు. పంచాయతీ ప్లాను ఆమోదిస్తుందే తప్ప స్థలం ఎవరిదో తేల్చదు. మంచి రోజు చూసి తెల్లారగట్ల తాపీమేస్త్రి వచ్చి ముగ్గు పోశాడు. పక్కింట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాలు పితకడానికి లేచిన పెద్దాయన కిటికీ కింద తెల్లటి గీత చూశాడు.

"ఏవిట్రా ఇది?"

"ఆయ్, మాస్టారు షెడ్డేస్తన్నారండి. తమరికి తెలీదాండి?"

ఆ చివరి మాటే గుచ్చుకుందని పెద్దాయన తరవాత మా అమ్మతో అన్నాడు. "రెండడుగులు కావాలంటే నాలుగడుగులు ఇచ్చేవాణ్ణే అమ్మాయ్. నా గోడ కింద ముగ్గు పోస్తూ నన్ను లేపలేదు వాడు." మాస్టారి సమాధానం వేరు. "అన్నయ్యకి చెబితే ఆలోచిద్దాం అంటాడు, ఆ ఆలోచన తెమలదు. మా ఆవిడకి అంత వ్యవధి లేదు." ఇద్దరి మాటలూ నిజమేనని నేను నమ్ముతాను.

అప్పటికి ఇంకా ఏమీ పోలేదు. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇద్దరినీ రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి మంచి దారే చెప్పాడు. నడవా వైపు గోడ వద్దు, నాలుగు స్తంభాలు చాలు. రేకులు పడమటికి వాలుగా వేస్తే చూరు నీళ్ళు మాస్టారి స్థలంలోనే పడతాయి. కిటికీకి ఎదురుగా ఉన్న భాగం మీద కప్పు ఉండదు. కారు బయటికి వెళ్ళినప్పుడు నడవా మళ్ళీ ఇద్దరిదీ. మాస్టారు తలూపారు. పెద్దాయన మర్నాడు చెబుతానన్నాడు. కానీ ముగ్గు చూసిన పూటే ఆయన అమలాపురం వెళ్ళి ప్లీడరుకి వకాల్తా ఇచ్చేసి వచ్చాడు. ఆ సంగతి అరుగు మీద చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఆయన మాట రాకముందే నోటీసు వచ్చింది.

ఇంజంక్షన్ దావా కాగితాలు చదివినవాళ్ళకి ఆ భాష తెలుసు. ప్రతివాది దౌర్జన్యపరుడు, అంగబలం అర్థబలం ఉన్నవాడు, గూండాలను వెంటేసుకొచ్చి వాది స్వాధీనానికి భంగం కలిగించాడు అని ఉంటుంది. తక్షణం ఆర్డరు రావాలంటే ప్రమాదం ముంచుకొస్తోందని చూపించాలి కాబట్టి ప్లీడరు గుమాస్తాలు ఈ వాక్యాలను ఏ కేసుకైనా అలాగే దించుతారు. మాస్టారికి ఆ సంగతి తెలీదు. పెద్దాయన పిల్లలిద్దరికీ అక్షరాలు దిద్దించింది ఆయనే. తనని అన్నయ్య గూండా అన్నాడని ఆయన చదువుకున్నారు. పెద్దాయన సంతకం పెట్టాడే కాని అందులో ఏం రాశారో చదవలేదు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి మాస్టారు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు, కనిపించిన ప్రతివాడికీ చూపించేవారు. షెడ్డు సంగతి ఆ రోజుతో పక్కకి పోయింది. తరవాత నడిచినదంతా ఆ మాట గురించిన తగువే.

మన పాత ధర్మశాస్త్రాలు సరిహద్దు తగాదాలను చిన్నచూపు చూడలేదు. యాజ్ఞవల్క్య స్మృతి సీమావివాదానికి ఒక ప్రకరణమే కేటాయించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయమని తెనిగించాడు. హద్దు తేల్చవలసింది ఎవరని అడిగితే స్మృతి చెప్పే జవాబు, ఇరుగుపొరుగువాళ్ళు, ముసలివాళ్ళు, పశువులు కాసేవాళ్ళు, ఆ నేల దున్నేవాళ్ళు. వాళ్ళు ఎర్రబట్టలు కట్టి, ఎర్రపూల దండలు వేసుకుని, నెత్తిన మన్ను పెట్టుకుని హద్దు వెంట నడవాలి. నేలని నెత్తిన మోస్తూ అబద్ధమాడటం ఎవరికైనా కష్టమే. రామాలయం అరుగు మీద జరిగింది ఆ నడక లాంటిదే. ఆ మర్నాడు వచ్చిన కాగితం దాన్ని చెరిపేసింది.

కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చింది. స్తంభాల కోసం తవ్విన గోతులు తవ్వినట్టే ఉండిపోయాయి, వానాకాలంలో వాటిలో నీళ్ళు నిలిచి దోమలు చేరాయి. కొలవడానికి అడ్వకేట్ కమిషనర్ వచ్చాడు. ఊరి నివాస స్థలం గ్రామకంఠం, దేనికి దానికి సర్వే నంబరుండదు. ఇంటింటికీ కొలిచిన రికార్డు లేనిచోట టేపు ఎక్కణ్ణుంచి పట్టుకోవాలి? పారీఖత్తులో ఆరడుగులని ఉంది, ఏ గోడ నుంచి ఆరడుగులో లేదు. కమిషనర్ గీసిన నక్షా మీద ఇద్దరూ అభ్యంతరాలు వేశారు.

ఆ వాయిదాల మధ్య జరిగినవి దావా కంటే చెడ్డవి. మాస్టారు తన ఏడడుగుల స్థలాన్నీ గ్రావెల్ తోలించి మెరక చేయించారు. డెల్టాలో ఇది మామూలు తగాదా కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకి నీరు రావడమే వరమైంది, పోవడమే కష్టం. జానెడు మెరక చేస్తే పక్కింటికి పల్లం చేసినట్టే. వాన నీరంతా పెద్దాయన వంటింటి గోడకి చేరి ఆ గోడ ఉబ్బింది. దానికి బదులుగా ఆయన నడవా అంచున కొబ్బరి మొక్కలు వరసగా పాతించాడు. అవి పెరిగితే కారు ఇటు తిరగదు. కిటికీ తలుపు లోపలి నుంచి మేకు కొట్టి మూసేశారు. ఎవరు కొట్టమన్నారో ఎవరూ చెప్పలేదు. పెద్దాయన భార్య పగలు కూడా లైటు వేసుకుని వండేది.

ఆ కిటికీ గురించి ప్లెయింటులో ఒక్క వాక్యమైనా లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొట్టమొదట అమలైన చోట్లలో మన గోదావరి జిల్లా ఉన్న మద్రాసు రాజధాని ఒకటి. ఇరవై ఏళ్ళు ఎవరి అడ్డూ లేకుండా ఒక ఇంటికి వచ్చిన వెలుతురుకీ గాలికీ ఆ చట్టం హక్కు ఇస్తుంది. నలభై అయిదేళ్ళుగా వెలుతురిచ్చిన కిటికీ అది. నిజమైన నొప్పి ఎక్కడుందో కోర్టుకి ఎవరూ చెప్పలేదు. స్వాధీనం, దౌర్జన్యం, అంగబలం, వీటి మీదే వాదన నడిచింది.

మాస్టారి భార్య 2006లో పోయింది. దాయాదులకి పదిరోజుల మైల. తూర్పింట్లో వాళ్ళూ ఆ పదిరోజులూ మైల పట్టారు, దేవుడి దగ్గర దీపం పెట్టలేదు, గుడికి వెళ్ళలేదు. పదో రోజు ధర్మోదకాలకి పెద్దాయన కాలవ రేవులోకి దిగాడు. అందరూ ఒక మెట్టు మీద, ఆయన అవతలి చివర. నీళ్ళు వదిలి, తడిబట్టలతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మాస్టారు ఆయన వెనక రెండడుగులు వేసి ఆగిపోయారని అక్కడున్నవాళ్ళు చెప్పారు. ఆ పూట ఎవరైనా ఇద్దరి చేతులూ కలిపి ఉంటే దావా అక్కడే ముగిసేది. కలపలేదు. మా వాళ్ళూ ఆ రేవులోనే ఉన్నారు.

ఆవిడ పోయాక కారుతో పని లేదు, అమ్మేశారు. దావా మాత్రం ఆగలేదు.

కింది కోర్టు 2009లో పెద్దాయనకి డిక్రీ ఇచ్చింది. మాస్టారు అప్పీలు చేశారు. అప్పటికి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చి ఉంది. వరంగల్లులో ఖాళీ స్థలం మీద 1978లో వేసిన ఇంజంక్షన్ దావా అన్ని మెట్లూ ఎక్కి 2008 మార్చి 25న సుప్రీంకోర్టులో తేలింది. స్థలం ఎవరిదన్న హక్కే సందేహంలో పడినప్పుడు ఒట్టి ఇంజంక్షన్ అడిగితే చాలదు, హక్కు ప్రకటించమని కూడా అడగాలి అని ఆ తీర్పు సారాంశం. ముప్ఫై ఏళ్ళ తరవాత ఒక ఖాళీ స్థలం గురించి తెలిసింది అంతే. మా ఊరి నడవా మీద కూడా పై కోర్టు 2013లో అదే చెప్పింది. నడవాలో ఎవరి భాగమెంతో తేలలేదు, తేల్చమని ఎవరూ అడగలేదు, కాబట్టి డిక్రీ రద్దు. కావాలంటే కొత్త దావా వేసుకోవచ్చు.

ఓడిందెవరో గెలిచిందెవరో అర్థం కాక ఇద్దరూ ప్లీడర్లని అడిగి తెలుసుకున్నారు. పెద్దాయన అప్పటికే రెండు కొబ్బరి తోటలు అమ్మాడు. మాస్టారు పెన్షను కమ్యుటేషన్ డబ్బు ఖర్చు పెట్టేశారు. కొత్త దావా వెయ్యడానికి ఇద్దరికీ ఓపిక లేదు. రాజీ పడదామా అంటే, పడి ఏం చెయ్యాలి? కారు లేదు. అందులో ఎక్కవలసిన మనిషి లేదు. ఆ మరుసటేడు మాస్టారు పోయారు. పెద్దాయనకి మతిమరుపు వచ్చింది. పశువుల పాకలో నిలబడి, "తమ్ముణ్ణి పిలవండ్రా, రెండడుగులేగా, ఇచ్చేద్దాం" అనేవాడట. వినేవాళ్ళు లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టేవారు.

ఆయన కూడా పోయాక ఇద్దరి పిల్లలూ బయటి ఊళ్ళలో ఉన్నవాళ్ళే, రెండు వాటాలూ ఒకే ఆసామికి అమ్మేశారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ పిల్లలు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని సంతకాలు పెట్టారు. కొత్త దస్తావేజులో ఉమ్మడి నడవా ప్రస్తావన తీసేశారు, స్థలమంతా ఒక్కరిదే కాబట్టి. మండువా కూల్చి టేకు స్తంభాలు లారీకెత్తారు.

ఇల్లు కట్టుకునేవాళ్ళకి, షెడ్డు వేసుకునేవాళ్ళకి ఒక మాట. పంచాయతీకి వెళ్ళేముందు పక్కింటికి వెళ్ళండి. ప్లాను కాగితం వాళ్ళ బల్ల మీద పరిచి, చూరు నీళ్ళు ఎటు పోతాయో, ఏ కిటికీకి ఎంత నీడ పడుతుందో చూపించండి. గ్రామకంఠంలో ఇల్లున్నవాళ్ళు 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద మీ ఊళ్ళో డ్రోన్ సర్వే జరిగిందో లేదో కనుక్కోండి. జరిగితే కొలతలు ఇద్దరూ కలిసి చూసుకోండి. ఇప్పటికే దావాలో ఉన్నవాళ్ళు ప్లీడరు రాసిన కాగితాన్ని సంతకానికి ముందు చదవండి. అందులో పక్కింటివాణ్ణి గూండా అని ఉంటే కొట్టేయించండి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగిస్తారు, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. కేసును అక్కడికి పంపమని ఇద్దరిలో ఒకరు అడిగినా కోర్టు పంపవచ్చు. వచ్చే వాయిదాకి ఆ అడిగేది మీరే కండి.