క్షయ క్రిమి, కావలి కణం

మన ప్రాచీనులు క్షయను రాజయక్ష్మ అన్నారు. దక్షుని శాపం వల్ల చంద్రుడు క్షీణించిన కథ మనందరికీ తెలిసిందే. ఆ శాపం స్థానంలో ఒక క్రిమిని చూపించినవాడు రాబర్ట్ కోఖ్. 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు. క్రిమి చరిత్రను చాలామంది వ్రాశారు. దానితో తలపడే మన కణాల చరిత్ర నాకు అంతకంటె ఆసక్తికరంగా తోస్తుంది.

ఆ చరిత్రకు ఆద్యుడు ఇల్యా మెచ్నికాఫ్. ఆయన మొదటి భార్య లుద్మీలా పెండ్లినాటికే జబ్బు మనిషి. 1873లో మదీరా ద్వీపంలో ఆమె క్షయతో మరణించింది. ఆ దుఃఖంలో ఆయన మార్ఫిన్ మింగి ప్రాణం తీసుకోబోయాడు గాని, బ్రతికి బయటపడ్డాడు. తొమ్మిదేళ్ళ తరువాత సిసిలీలోని మెస్సీనాలో, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి చూశాడు. మర్నాటికి ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. శరీరంలోకి చొరబడినవాటిని మ్రింగే కణాలు మనలోనూ ఉన్నాయన్న సిద్ధాంతం అక్కడినుంచే పుట్టింది. 1888లో, క్షయ బుడిపెల్లో కనిపించే మహాకణాలు కూడా భక్షక కణాలేనని వ్రాశాడు. భార్యను బలిగొన్న రోగం మీద ఆయన వాదం ఇలా సాగడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఐతే మ్రింగడం వేరు, చంపడం వేరు. భక్షక కణం క్రిమిని ఒక సంచిలో బంధిస్తుంది. జీర్ణరసాలు నిండిన మరొక సంచి వచ్చి దానితో కలిస్తే క్రిమి నశించాలి. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, బ్రతికి ఉన్న క్షయ క్రిమి ఆ కలయికనే అడ్డుకొంటున్నదని చూపారు. చచ్చిన క్రిమికి ఆ శక్తి లేదు. అంటే కావలివాడి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టాడన్నమాట!

మరి మనం ఎలా బ్రతుకుతున్నాం? భక్షక కణం ఒంటరి కాదు. 1960లలో జార్జ్ మెకానెస్ వేరొక సూక్ష్మజీవితో మొదలుపెట్టిన ప్రయోగాల వల్ల, లింఫోసైట్లు ప్రేరేపిస్తే తప్ప దానికి పూర్తి బలం రాదని తేలింది. ఆ ప్రేరణను మోసుకొనిపోయే ముఖ్యమైన రసాయనం ఇంటర్‌ఫెరాన్ గామా. దాని జన్యువు లేని ఎలుకలు క్షయకు త్వరగా లొంగిపోతాయని 1993లో రుజువైంది. చంపలేని క్రిముల చుట్టూ ఈ కణాలన్నీ గోడ కడతాయి. క్షయ బుడిపె అంటే అదే.

ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మందికి ఈ క్రిమి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో రోగం పైకి తేలేది నూటికి అయిదు నుంచి పదిమందిలోనే. తక్కినవారిలో గోడ నిలుస్తుంది. ఆకలి, మధుమేహం, హెచ్‌ఐవీ ఆ గోడను కూలుస్తాయి.

కావలి కణాలకు ముందుగా శిక్షణ ఇవ్వడానికే కాల్మెట్, గెరాన్ పదమూడేళ్ళు శ్రమించి బిసిజి టీకాను తయారుచేశారు. 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. 1948లో మన దేశంలో ఆ టీకాలు మొదలైన చోట్లలో మన మదనపల్లె ఒకటి. పసిపిల్లలను మెదడు పొరలకు సోకే క్షయనుంచి అది బాగా కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల విషయంలో మాత్రం దాని మీద పూర్తిగా ఆధారపడలేం. చెంగల్పట్టులో జరిగిన పెద్ద పరీక్షలో ఆ రక్షణ కనబడలేదు.

ఇదంతా చదివాక నాకు మిగిలిన ఆలోచన ఒక్కటే. క్షయ రోగిని చూసి మనవాళ్ళు ఇప్పటికీ గుసగుసలాడతారు, పెండ్లి సంబంధాలు తప్పిస్తారు. ఆ క్రిమి మనలో ఎందరిలోనో ఉంది. రోగికీ మనకూ తేడా ఒక గోడ మాత్రమే. అది నిలవడానికి కావలసినవి మందులూ, కడుపునిండా తిండీ. ఇందులో శాపం ఎక్కడుంది?