పాసు మీది ఫొటోలో ముత్తాత

మారిషస్‌లో మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి ఆర్కైవ్స్‌లో భద్రపరిచిన పాత ఫొటోల్లోని వాళ్లెవరూ ముచ్చటపడి కెమెరా ముందు నిలబడలేదు. చెరకు తోటల్లో ఒప్పందం మీద కూలికని బీహారు నుంచీ, తమిళ, మరాఠా సీమల నుంచీ, మన కోస్తా జిల్లాల నుంచీ ఓడలెక్కి వెళ్లినవాళ్లు వాళ్లు. చట్టం ఫొటో ఉండాలంది కాబట్టి తీయించుకున్నారు.

మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. అది రాబోతోందని తెలిసి తోటల యజమానులు ముందుగానే చవక కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న 36 మందితో ‘అట్లాస్’ ఓడ పోర్ట్ లూయీ రేవుకు చేరింది. అది మొదలు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల వరకు దాదాపు నాలుగున్నర లక్షల మంది అక్కడ దిగారు. వాళ్లలో తెలుగువాళ్లు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల మీదుగా వెళ్లారు. వాళ్లు దిగిన చోటును ఇవాళ ఆప్రవాసీ ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒప్పందం గడువు తీరాక కూడా కూలీకి స్వేచ్ఛ దక్కలేదు. 1867 నాటి చట్టం ప్రకారం అలాంటి ‘పాత వలసదారు’ తన ఫొటో అతికించిన పాసును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. పాసు చూపలేనివాణ్ణి పోలీసులు దేశదిమ్మరి కింద పట్టుకుపోయేవారు. పాసుకయ్యే ఖర్చూ కూలీ నెత్తినే పడేది. ఈ వేధింపులు తట్టుకోలేక 1871లో 9,401 మంది గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు వాళ్ల పక్షాన నిలబడి దాన్ని నడిపించాడు. ఆ గొడవ పెద్దదై, 1872లో లండన్ నుంచి రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది.

మనిషి తప్పించుకుపోకుండా తీయించిన ఆ ఫొటోయే ఇవాళ ఎన్నో కుటుంబాలకు తమ పూర్వీకుడి ముఖం చూసుకునే ఏకైక ఆధారం. ఫొటో ఒక్కటే ఉంటే ఈ మేలు జరిగేది కాదు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక వలస నంబరు ఇచ్చి, రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, జిల్లా, ఊరు, ఓడ పేరు, చేరిన తోట రాసుకున్నారు. నంబరు దొరికితే మనిషి దొరికినట్టే. వారసులు తమ ఇళ్లలోని జనన, వివాహ పత్రాలు పట్టుకుని ఒక్కో తరమూ వెనక్కి నడుస్తూ ఆ నంబరును చేరుకుంటారు. ఈ రికార్డులను యునెస్కో 2015లో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

తెలుగు మూలాలున్న మారిషస్ రచయిత్రి నటాషా అప్పన్న ఫ్రెంచిలో రాస్తారు. 1872లో మన వైపు నుంచి వెళ్లిన తన పూర్వీకుల గురించి ఆమె రాసిన పుస్తకం 2023లో వచ్చింది. నంబర్లుగా మిగిలిపోయిన మనుషులను తిరిగి తాతలుగా, అవ్వలుగా నిలబెట్టుకోవడమే అందులో ఆమె చేసిన పని.

అయితే అక్కడి వాళ్లు తమ ఊరెక్కడని ఇటు తిరిగేసరికి దారి ఇరుకవుతుంది. రిజిస్టరులో ఊరి పేరును గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. ‘గంజాం’ అని ఉంటే ఒడిశాలో మాత్రమే వెతికితే చాలదు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం అప్పట్లో గంజాం కిందే ఉండేది. ఇంకో చిక్కు, కూలీల ఇంటిపేర్లు చాలాచోట్ల రిజిస్టర్లకు ఎక్కలేదు. తాత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరయింది. ఇంటిపేరు పోయిందంటే ఇక్కడి దాయాదులను కలిపే దారం తెగినట్టే.

ఇక్కడ వెతకడానికి ఆధారాలు లేకపోలేదు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో మాన్యం మొదట ఎవరు పొందారు, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, ఇద్దరికీ చుట్టరికమేమిటి అన్న వివరాలు దొరుకుతాయి. గుడి మాన్యాలతో పాటు ఊరి చాకిరికిచ్చిన మాన్యాలూ వాటిలో ఉన్నాయి కనుక, ఊళ్లోని చాకలి, మంగలి కుటుంబాల జాడ కూడా తీయవచ్చు. అంతకు ముందటి ఊళ్ల కథలకు కైఫీయతులున్నాయి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో కల్నల్ మెకంజీ వీటిని సేకరించాడు. జమీందారీ ఊళ్లలో మాత్రం పని కష్టం. అక్కడ రైతు పేరు సర్కారు లెక్కల్లోకి నేరుగా ఎక్కింది చాలామట్టుకు 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాకే.

సామాన్యుడి విషయంలో మన లెక్కలు ఇంత పలుచన కాబట్టే ఇళ్లలో ఉన్న పాత ఫొటోల విలువ ఎక్కువ. అట్ట మీద స్టూడియో పేరు, ఊరు అచ్చువేసి ఉంటే ఆ ఫొటో ఏ కాలానిదో అంచనా వేయవచ్చు. అందులోని మనిషి ఎవరో మాత్రం ఇంట్లోని పెద్దవాళ్లే చెప్పగలరు. వాళ్లుండగానే పక్కన కూర్చుని అడగండి. మెత్తని పెన్సిలుతో వెనుక వైపు పేరు, ఊరు, చుట్టరికం రాయండి. ఆడవాళ్లయితే పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయాలి. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది కనుక, అది లేకపోతే అమ్మమ్మ వైపు వంశం రెండు తరాల్లో మసకబారుతుంది. లామినేషన్ చేయించకండి, ఒకసారి అతికితే మళ్లీ ఊడదు. ముందు వైపునూ, రాసిన వెనుక వైపునూ స్కాన్ చేసి నలుగురు చుట్టాలకు పంపండి.

మారిషస్‌లో ముఖానికి పేరు చేర్చింది అనుమానపు చట్టం. మన ఇళ్లలో ఆ పని మనం ప్రేమతో చేసుకోవాలి. ఆ రెండు ముక్కలు రాసి ఉంచితే, రేపు ఏ దేశం నుంచో ఊరు వెతుక్కుంటూ వచ్చే మనవరాలికి ఫొటోలోని మనిషి ఎవరో తెలుస్తుంది, తనకేమవుతాడో తెలుస్తుంది.