సీసపు గుండు: కోలారు దారిలో ఒక చిన్న వస్తువు చరిత్ర

చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలకు తేదీలుంటాయి, సేనానులకు పేర్లుంటాయి. సిపాయి నడుముకు వేలాడిన సంచిలోని గుండ్ల ప్రస్తావన మాత్రం అరుదు. ఆ గుండు ఎవరు పోశారు, ఏ లోహంతో పోశారు, అది గొట్టంలో ఎంత బిగువుగా కూర్చునేది అన్న ప్రశ్నలు పనివాళ్ల ప్రశ్నలుగానే మిగిలిపోయాయి. మా ఉద్దేశంలో అవి రాజకీయ ప్రశ్నలు కూడా. గుండు ఊళ్లో పోసుకోగలిగినంత కాలం ఆయుధం మీద అధికారం కొంతైనా ఊరి చేతిలో ఉంది. గుండు ఫ్యాక్టరీకి మారిన రోజున ఆ అధికారం కూడా మారింది. ఈ మార్పును కోలారు ప్రాంతం ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి. ‘తుపాకి’ తుర్కీ భాష నుంచి మనకు చేరింది. ‘తూటా’ హిందుస్తానీ నుంచి వచ్చింది. ‘సీసం’ సంస్కృతం. ‘గుండు’ మాత్రం ద్రావిడ భాషల సొంత సొమ్ము. తెలుగులో, కన్నడంలో, తమిళంలో గుండ్రని రాయి నుంచి తుపాకి గుండు దాకా ఆ మాట నడుస్తోంది. ఆయుధం బయటి నుంచి వచ్చినా, అందులో వేసే వస్తువుకు మన వాళ్లు అప్పటికే తమ దగ్గర ఉన్న పేరే పెట్టుకున్నారు. ఈ మూడు భాషలూ కలిసే కోలారు జిల్లాలో చదువుకునే విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి.

సీసం ఎందుకు?

తెలుగు నేలకు సీసం కొత్త కాదు. శాతవాహనులు సీసంతో నాణేలు ముద్రించారు. గుంటూరు ప్రాంతంలోని అగ్నిగుండాల, కడప జిల్లాలోని జంగంరాజుపల్లె సీసపు ఖనిజానికి పేరుపడ్డ చోట్లు. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు. అంటే కమ్మరి కొలిమి కూడా అక్కర్లేదు, మామూలు పొయ్యి సరిపోతుంది. పైగా అది బరువైన లోహం, ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. చిన్న గుండులో ఎక్కువ బరువు ఇమిడితే దెబ్బ దూరం పోతుంది. మెత్తనిది కనుక గొట్టం లోపలి గోడను గీకదు. ఈ మూడు గుణాల వల్లనే దాదాపు నాలుగు వందల ఏళ్లు తుపాకికి సీసమే తగిన లోహమైంది.

గుండుకు, గొట్టానికి మధ్య పొత్తు కుదర్చడమే అసలు కష్టం. పాత తుపాకుల్లో గొట్టం లోపలి భాగం నున్నగా ఉండేది. మందు, గుండు రెండూ మూతి వైపు నుంచే వేసి కడ్డీతో దట్టించాలి. నాలుగైదుసార్లు పేల్చేసరికి మందు మసి గొట్టంలో పేరుకుంటుంది. అందుకని గుండును గొట్టం కంటే చిన్నదిగా పోసేవారు. ఈస్టిండియా కంపెనీ సిపాయిల చెకుముకి తుపాకి గొట్టం వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు, గుండు సుమారు 17.5 మిల్లీమీటర్లు. ఆ సందు వల్ల గుండు లోపల అటూ ఇటూ తగులుతూ బయటికి వచ్చేది. నూరు గజాలు దాటితే ఒక మనిషిని గురిచూసి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. సిపాయిలను వరుసలుగా నిలబెట్టి ఒక్కసారిగా పేల్పించడానికి కారణం ఇదే. ఆ కవాతు వెనక ఉన్నది గుండు వదులు.

తుపాకి కొలత కూడా గుండుతోనే చెప్పేవారు. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపడే గుండ్లు ఎన్ని పోయవచ్చో, అదే ఆ తుపాకి సంఖ్య. పన్నెండు గుండ్లు వస్తే అది పన్నెండు బోరు. లైసెన్సు కాగితాల మీద నేటికీ కనిపించే ‘12 బోరు’ అన్న మాట ఆ సీసపు లెక్కకు మిగిలిన గుర్తు.

అయితే ఒక్కో తుపాకి గొట్టం ఒక్కో కొలతలో ఉండేది. ఊరి కమ్మరి చేసిన తుపాకికి మరో ఊరి గుండు సరిపోవాలని లేదు. కనుక తుపాకితోపాటు దానికి తగిన అచ్చు కూడా ఉండవలసి వచ్చేది. ఈ అసౌకర్యంలోనే ఒక స్వేచ్ఛ ఉంది. అచ్చు, కాస్త సీసం, పొయ్యి ఉంటే తుపాకి గలవాడు గుండు కోసం ఎవరినీ అడగనక్కరలేదు. మందుకు కావలసిన పెట్లుప్పు కూడా పల్లెల్లో చవిటి మట్టి నుంచి తీసేవారు.

కోలారు దారి

1986లో వైద్య కళాశాల వచ్చాక తమక పేరు దూరప్రాంతాల విద్యార్థులకు తెలిసింది. కోలారు పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఈ చోటు బెంగళూరు–చెన్నై రహదారి మీదిది. తూర్పుకు పోతే ముళబాగిలు, ఆ తర్వాత పలమనేరు, మొగిలి కనుమ, చిత్తూరు. పద్దెనిమిదో శతాబ్దంలో మైసూరుకు, ఆర్కాటుకు మధ్య సైన్యాలు తిరిగిన దారుల్లో ఇది ముఖ్యమైనది.

హైదర్ అలీ పుట్టిన బూదికోట ఈ జిల్లాలోనే ఉంది. ఆయన తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారు పట్టణంలో ఉంది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర దండులోనే హైదర్ చనిపోయినప్పుడు శవాన్ని ముందు కోలారుకే తెచ్చి, తర్వాత శ్రీరంగపట్నానికి తరలించారు. అంతకుముందు ఈ మొరసునాడంతా పాళెగాళ్ల చేతిలో ఉండేది. చిక్కబళ్ళాపురం, గుమ్మనాయకనపాళ్యం, గుడిబండ వంటి కొండకోటలు వారివి. కొండ పైనుంచి నిప్పువత్తి తుపాకులతో కాచుకుని కూర్చున్న కొద్దిమంది, కింద ఉన్న పెద్ద సైన్యాన్ని చాలాకాలం ఆపగలిగేవారు. హైదర్ 1762లో చిక్కబళ్ళాపురాన్ని గెలిచాడు గాని సులువుగా కాదు.

1768 అక్టోబరు 4న ముళబాగిలు దగ్గర గుండ్ల మధ్య (ఇక్కడ గుండ్లంటే బండరాళ్లు) హైదర్ సైన్యానికి, కర్నల్ వుడ్ నడిపిన కంపెనీ దళానికి పోరు జరిగింది. వుడ్ దళం ఓడిపోయే స్థితికి వచ్చింది. అప్పుడు కెప్టెన్ బ్రూక్ అనే అధికారి రెండు చిన్న ఫిరంగులను ఒక బండ మీదికి ఎక్కించి పేల్పించి, కర్నల్ స్మిత్ వచ్చేశాడని తన వాళ్లచేత కేకలు పెట్టించాడు. అసలు స్మిత్ ఆ చుట్టుపక్కల లేడు. మైసూరు దళం ఆ కేకలు నమ్మి తడబడింది, వుడ్ బయటపడ్డాడు. గురి కుదరని తుపాకుల కాలంలో పొగ, చప్పుడు, వదంతి కూడా ఆయుధాలే అని ఈ ఘట్టం చెబుతోంది.

1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ మొగిలి కనుమ ఎక్కి, ముళబాగిలు, కోలారు మీదుగా ఈ దారినే వచ్చి, మార్చి 21న బెంగళూరు కోటను పట్టుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో నందిదుర్గం పడింది. 1799లో టిపు మరణంతో ఈ కథలో ఒక భాగం ముగిసింది.

ఆ సైన్యాల్లో రెండు వైపులా తెలుగువాళ్లు ఉన్నారన్నది మరువరాదు. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అనేవారు. దక్షిణాది నుంచి వెళ్లిన తొలి సిపాయిల్లో తెలుగువాళ్లు ఉండడమే ఆ పేరుకు మూలం. 1857లో ఢిల్లీలో చేరిన తిరుగుబాటు సిపాయిలను కూడా ఊరి జనం తిలంగాలనే పిలిచారు, వాళ్లలో తెలుగు తెలియనివాళ్లే ఎక్కువైనా సరే. మన జాతి పేరు ఒక వృత్తి పేరుగా మారిన సందర్భమిది.

ఆయుధాలు దించిన కాలం

1800లో దత్తమండలాలకు వచ్చిన థామస్ మన్రో ముందు ఉన్న మొదటి సమస్య పాళెగాళ్లు. వారు సుమారు ఎనభై మంది, వారి కింద ముప్పై వేల దాకా సాయుధులు. కోటలు కూల్చి, బంట్లను చెదరగొట్టడమే ఆయన విధానమైంది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు దాచాడన్న అనుమానంతో కంపెనీ సైన్యం సోదా చేస్తే ఫిరంగులు, మందుగుండు నిల్వలతోపాటు వాటిని పోతపోసే కార్ఖానాలు కూడా బయటపడ్డాయి. నవాబు పదవి పోయింది, రాజ్యం కంపెనీ వశమైంది. దొరికిన ఆయుధాల కంటే, ఆయుధాలను సొంతంగా తయారుచేసుకునే శక్తే కంపెనీని ఎక్కువ కలవరపెట్టిందని మేము భావిస్తున్నాము. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు కూడా ఆ పాత తుపాకులే ఆయన వెంట నడిచినవారికి ఆధారం.

ఆ తర్వాత గుండే మారింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉన్నాయి. దాని గుండు గుండ్రనిది కాదు, మొన తేలిన స్తంభం వంటిది, అడుగు బోలు. వేసేటప్పుడు వదులుగా దిగుతుంది, పేలినప్పుడు అడుగు విచ్చుకుని గాళ్లను పట్టుకుని గిర్రున తిరుగుతూ పోతుంది. వదులు, బిగువు రెండూ ఒకే గుండులో కుదిరాయి. వందల గజాల దూరం గురి అందుబాటులోకి వచ్చింది. కాని ఆ పొత్తుకు కాగితపు తూటా మీద కొవ్వు పూయాలి. ఆ కొవ్వు ఏ జంతువుదన్న వదంతి 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మొదలై, మే నాటికి మీరట్ చేరింది. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు.

1857 అనుభవంతో ప్రభుత్వం రెండు పాఠాలు నేర్చుకుంది. ఒకటి, భారతీయ సిపాయి చేతిలో ఎప్పుడూ ఒక తరం పాత ఆయుధమే ఉండాలి. తెల్ల సైనికులకు మార్టినీ-హెన్రీ వచ్చినప్పుడు మన సిపాయిలకు స్నైడర్ దక్కింది. రెండు, ప్రజల చేతిలో ఆయుధం ఉండకూడదు. 1878 ఆయుధాల చట్టం అందుకే వచ్చింది. యూరోపియన్లకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉండేది. కోలారు బంగారు గనుల్లో 1903లో ఏర్పడిన వాలంటీర్ రైఫిల్ దళం యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులది. గని లోపలికి దిగిన తమిళ, తెలుగు కూలీలకు దక్కినవి గడ్డపార, సమ్మెట.

1888లో లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ వచ్చాక ఉత్త సీసానికి కాలం చెల్లింది. గుండు వేగం పెరిగేసరికి మెత్తని సీసం గాళ్లలో అరిగి అంటుకుపోయేది. అందుకని దానికి గట్టి లోహపు తొడుగు వేయవలసి వచ్చింది. ఆ తొడుగును మొన దగ్గర తెరిచి, ఒంట్లో విచ్చుకునేలా చేసిన గుండు మళ్లీ డమ్‌డమ్ కార్ఖానాలోనే పుట్టింది. 1899 హేగ్ సమావేశం దాన్ని నిషేధించింది. తొడుగు గుండును, ఇత్తడి తూటాను ఊరి పొయ్యి మీద చేయడం కుదరదు. గుండు ఇక కొనవలసినది, లేదా దోచుకోవలసినది అయింది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసినప్పుడు 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చిక్కాయి. ఈ రెండో అంకెను విద్యార్థులు జాగ్రత్తగా చూడాలి. ఒక్కో తుపాకికి నూరు తూటాలకు కొంచెం తక్కువ. అవి అయిపోతే కొండల్లో మళ్లీ పుట్టవు. మన్యం పోరాటం ఆయువు ఒక విధంగా ఆ లెక్కలోనే ఇమిడి ఉంది. 1940లలో తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు రైఫిళ్లతోపాటు మూతి నుంచి మందు కూరే భర్మారు తుపాకులు కూడా పట్టుకోవడానికి కారణం ఇదే. భర్మారు పాతదే, దాని గురి తక్కువే. కాని దాని మందు, గుండు ఊళ్లోనే దొరుకుతాయి.

చివరగా ఒక మాట. కోలారు అనగానే బంగారం గుర్తొస్తుంది. 1802లో గనుల జాడ చెప్పిన లెఫ్టినెంట్ వారెన్, మైసూరు పతనం తర్వాత సరిహద్దు కొలవడానికి వచ్చిన సైనికుడు. అంటే బంగారం కథకు ముందు సీసం కథ ఉంది. 2001లో గనులు మూతపడ్డాయి. గనుల చరిత్రను ఇంగ్లీషు రికార్డులు భద్రంగా దాచాయి. సీసం కథకు అలాంటి కాపలా లేదు. రంజకం, చెకుముకి, భర్మారు, పెట్లుప్పు వంటి మాటలు పెద్దల నోట మాత్రమే మిగిలాయి. సరిహద్దు జిల్లాల తెలుగులో ఈ మాటలు కన్నడ ఉచ్చారణతో, ఉర్దూ తునకలతో కలిసి ఎలా ఉన్నాయో అలాగే రాసి పెట్టడం ఇక్కడి తెలుగు విద్యార్థులు మాత్రమే చేయగల పని. ఆ మాటలు పోతే, తుపాకి ఎవరి చేతిలో ఉండేదన్న జ్ఞాపకం కూడా వాటితోనే పోతుంది.