గాదె క్రింది పందికొక్కు

నేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్ర కాదు. మన చూరులోను గోడ కన్నములోను కాపురముండి, మన గింజ తిని, మన బట్ట కొఱికి, మనకంటె ముందుగా మేల్కొను నెలుక చరిత్ర. ఇది చిన్న సంగతియని నవ్వవలదు. పంటకు కలుగు నాపదలను మన పూర్వులు ఈతిబాధలని యాఱుగా లెక్కించిరి: అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, ఎలుకలు, చిలుకలు, పొరుగు రాజులు. దండెత్తి వచ్చు రాజు ప్రక్కనే యెలుకకును పీట వేసినవారు దానిని చులుకన చేయలేదు గదా!

ఓరుగల్లు కాశిబుగ్గ వారికి ఈ మాట క్రొత్త కాదు. (శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రక్కన నింకొక కాశిబుగ్గ గలదు, నేను చెప్పునది ఓరుగంటిది.) ఆ పేటకు చేరువనే యెనుమాముల మార్కెట్టు యార్డు గలదు. మిరప, ప్రత్తి, మక్కలు బండ్లకొలది అచ్చటికి వచ్చును. బస్తా దించినచోట గింజ రాలును. గింజ రాలినచోట నెలుక చేరును. అచ్చట సంతానము పెరిగి చోటు చాలనప్పుడు ప్రక్క వీథి యిండ్లలో దూరును. ఇంటి యిల్లాలు పాపము తన వంటయింటినే నిందించుకొనును. కారణము తఱచుగా నింటిలో లేదు, వీథిలో నున్నది. ఈ యొక్క సంగతిని గ్రహించుటకు లోకమునకు చాల కాలము పట్టినది, చాల ప్రాణములు పోయినవి. ఆ కథయే నేటి ప్రసంగము.

మన యిండ్ల చూరులలో తిరుగు నల్లయెలుక పుట్టిల్లు మన దేశమేయని శాస్త్రజ్ఞుల మతము. ధాన్యపు టోడలలో నెక్కి అది రోమక సామ్రాజ్యము నాటికే పశ్చిమ దేశములు చేరినది. ఇక నేలను త్రవ్వి గాదె క్రింద చేరు పందికొక్కు మాట. ఇంగ్లీషువారు దానిని బాండికూటు అందురు. అది మన తెలుగు మాటయే. పంది, కొక్కు అను రెండు పదములు వారి నాలుకపై నట్లు మాఱినవి. తరువాత ఆస్ట్రేలియాలో దానికి చుట్టము కాని వేఱొక జంతువునకు గూడ వారు ఆ పేరే పెట్టిరి. తెలుగు భాష సముద్రములు దాటి సంపాదించిన కీర్తులలో నిదియు నొకటి. సంతోషింపవలెనో లేదో పెద్దలే చెప్పవలెను.

కౌటిల్యుని యర్థశాస్త్రమున దైవికములగు మహాభయములు ఎనిమిది చెప్పబడినవి. అగ్ని, జలము, వ్యాధి, క్షామము మొదలగువాని నడుమ నెలుకలు గూడ నున్నవి. ఎలుకల భయము కలిగినపుడు పిల్లులను ముంగిసలను విడువవలెననియు, వానిని పట్టినవానికి చంపినవానికి పండ్రెండు పణములు దండుగ వేయవలెననియు, జెముడు పాలు పట్టించిన ధాన్యము చల్లవలెననియు, అవసరమైనచో నెలుకల పన్ను విధింపవలెననియు నందు గలదు. ఇందులో నాకు ముఖ్యముగా తోచునది యేమనగా, ఎలుకల బెడద నతడు ఒక యింటివాని దురదృష్టముగా నెంచక రాజ్యమంతటి కార్యముగా నెంచెను. ఈ గ్రంథము తాళపత్రములలో మఱుగుపడియుండి, మైసూరున శామశాస్త్రిగారి చేతబడి 1909 లో అచ్చయ్యెను. ఆ సమయముననే దేశమంతయు నెలుకల మూలమున గడగడ వడకుచుండుట విచిత్రము.

1896 సెప్టెంబరులో బొంబాయి నగరమున మాండవి పేటలో ప్లేగు బయలుపడెను. దానిని మొదట గుర్తించినవాడు అకాసియో వీగాస్ అను గోవా వైద్యుడు. మాండవి యనగా రేవు ప్రక్కనున్న ధాన్యపు గోదాముల పేట యని మఱవకుడు. అచ్చట ముందుగా నెలుకలు చచ్చిపడెను, పిదప మనుష్యులు. హాంకాంగులో యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు 1894 లోనే ఈ వ్యాధి క్రిమిని కనిపెట్టియుండెను. కాని యది యెలుకనుండి మనిషికి ఎట్లు సంక్రమించునో యెవరికిని తెలియదు. గాలి చెడినదనిరి, నేల చెడినదనిరి. ప్రభుత్వమువారు 1897 లో అంటువ్యాధుల చట్టము చేసి, సిపాయిలను ఇండ్లలోనికి పంపి, సామానులు కాల్చి, నేల త్రవ్వి, గోడలకు మందునీళ్లు కొట్టించిరి. పూనాలో ఆ దౌర్జన్యము సహింపరానిదై, 1897 జూన్ 22 నాటి రాత్రి చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి ర్యాండును కాల్చిరి. ఇంత రక్తము చిందినను, మందునీళ్ల వాసనకు ఆ యింటి యెలుకలు ప్రక్క యింటికి వలసపోయినవే కాని వ్యాధి ఆగలేదు.

1898 లో కరాచీ నగరమున పాల్ లూయీ సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు ఒక చిన్న పరీక్ష చేసెను. గాజు పాత్రలో ఒక రోగపుటెలుకను, నడుమ తీగల వల యడ్డముగా నింకొక ఆరోగ్యవంతమగు నెలుకను ఉంచెను. రెండును ఒకదాని నొకటి తాకలేదు. రోగపుటెలుకపై నున్న గోమార్లు మాత్రము వల దాటి పోగలవు. రెండవ యెలుకయు ప్లేగుతోనే చచ్చెను. గోమారే దూత యని యతడు చాటగా నాటి పండితులు నవ్విరి. 1905 నుండి బొంబాయిలో ప్లేగు కమీషనువారు మరల పరీక్షించి అతని మాటయే నిజమని తేల్చిరి. వ్యాధిగల యింట నేలపై పెట్టిన పంజరములోని జంతువు చచ్చెను. రెండడుగుల యెత్తున వ్రేలాడగట్టిన పంజరములోనిది బ్రదికెను. ఏలయనగా ఎలుక గోమారు నాలుగైదు అంగుళములకు మించి యెగురలేదు.

ఇప్పుడు పల్లెజనుల మాట. దక్కనులో వారు ఏ పాఠశాలలోను ఈ శాస్త్రము చదువలేదు. కాని యింట నెలుక రాలినదనగానే కుండలు చట్లు నెత్తిన పెట్టుకొని, ఊరు విడిచి, పొలములలో గుడిసెలు వేసికొనిరి. చదివినవారు దానిని మూఢభయమనుకొనిరి. నిజమునకు అంతకంటె మంచి యుపాయము నాడు లేదు. ఎలుక చచ్చి శరీరము చల్లబడగానే గోమార్లు దానిని విడిచి వేఱొక వెచ్చని నెత్తురును వెదకును. ఎలుకలు రాలుటకును మనుష్యులు పడుటకును నడుమ పది పదునాలుగు దినముల వ్యవధి యుండునని కమీషనువారు లెక్కించిరి. ఆ వ్యవధిలో ఊరు విడిచినవారు బ్రదికిరి. 1896 మొదలు పాతికేండ్లలో ఈ దేశమున కోటిమందికి పైగా ప్లేగు వాతబడిరి. బ్రదికినవారిలో నెందఱినో కాపాడినది ముసలివారి యీ తెలివియే యని నా నమ్మకము.

ధాన్యముతో నెలుక, ఎలుకతో గోమారు రైలెక్కి దేశము తిరిగెను. మన ప్రాంతమున 1889 నాటికే సికింద్రాబాదునుండి ఓరుగల్లు మీదుగా బెజవాడ వఱకు ఇనుపదారి పడియుండెను. 1911 లో హైదరాబాదు నగరము ప్లేగుచే పీడింపబడెను. 1908 నాటి మూసీ వఱద గాయము మానకమునుపే వచ్చిన దెబ్బ యిది. 1912 లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇరుకు పేటలు తొలగించి, మురుగు కాలువలు త్రవ్వించి, గాలి వెలుతురుగల యిండ్లు కట్టించెను.

ఎలుకలను చంపుటయే ఉపాయమనుకొన్నవారి గతి యేమైనదో హనోయి నగరము చెప్పును. 1902 లో అచ్చటి ఫ్రెంచి ప్రభుత్వము తెచ్చిన ప్రతి తోకకును బహుమానమిత్తుమనెను. తోకలు వేలకొలది వచ్చెను. కొన్నాళ్లకు తోకలేని యెలుకలు వీథులలో తిరుగుచుండెను. నగరపు టంచులలో కొందఱు ఎలుకలను పెంచుచుండిరి! బహుమానము రద్దయ్యెను.

మన దేశమున 1966 తరువాత నించుమించు ముప్పదియేండ్లు ప్లేగు వినబడలేదు. 1993 సెప్టెంబరు 30 న కిల్లారి భూకంపము వచ్చెను. ఆ మరాఠ్వాడా జిల్లాలు పూర్వము హైదరాబాదు సంస్థానములోనివే. గోడలు బీటలువాఱిన యిండ్లను జనులు విడిచిరి. ఇండ్లలో ధాన్యము మిగిలెను. ఎలుకలు తెగ పెరిగెను. 1994 ఆగస్టులో బీడ్ జిల్లా మామ్లా గ్రామమున ప్లేగు గడ్డలు కనబడెను. మఱుసటి నెల సూరతు నగరమున అదే పేరుగల జ్వరము ఊపిరితిత్తుల కెక్కి, లక్షలమంది నగరము విడిచి పరుగెత్తిరి. ఓరుగల్లు, కరీంనగరము జిల్లాలనుండి మగ్గముల పనికై పోయిన మన పద్మశాలీలు గూడ అక్కడ నుండిరి. 1995 లో ఆ నగరమునకు కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు ఎలుకకు బహుమానము కట్టలేదు. చెత్త ప్రతిదినము ఎత్తించి, కాలువలు తీయించి, వీథులు కడిగించిరి. రెండు మూడేండ్లలో సూరతు దేశపు పరిశుభ్ర నగరములలో నొకటియని పేరొందెను.

ఇంటి మాటకు వత్తము. చిట్టెలుక పెన్సిలు దూరు సందులో దూరగలదు. ఇరువది దినముల గర్భము. నెలన్నరకే పిల్ల తల్లియగును. కావున రెండింటిని చంపి తృప్తిపడిన ప్రయోజనము లేదు. ముందుగా కన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్పుడు. తలుపు క్రింది సందునకు రేకు కొట్టుడు. మన పెద్దలు గుమ్మిని ఊరక రాళ్లపై నెత్తలేదు, తినుబండారమును ఊరక ఉట్టిలో పెట్టలేదు. నేడు మూతగల ఇనుప డబ్బా ఆ పనిచేయును. బోనును గది నడుమ గాక గోడ వారగా పెట్టవలెను. ఎలుక గోడ నంటియే నడచును. అది క్రొత్త వస్తువును శంకించును గనుక రెండు రాత్రులు బోనును బిగింపక ఎండుచేపయో వేపిన పల్లియో పెట్టి విడువుడు. విషము మాత్రము పిల్లలుగల యింట చివరి మాటగా నుండవలెను. నల్లని జింకు ఫాస్ఫైడు పొడికి విఱుగుడు మందు లేదు. ఒక్క యిల్లు చేసిన చాలదు, ఆ వరుస యిండ్లన్నియు ఒకే వారములో చేయవలెను.

చచ్చిన యెలుకను చేతితో తాకక, పొడుగాటి కఱ్ఱతో తీసి లోతుగా పాతిపెట్టుడు. మందు పెట్టకయే ఒకే వీథిలో పలు యెలుకలు రాలినచో ఊడ్చి పాఱవేయక, ఆనాడే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు కబురు చేయుడు.